చాయ్ రంగు పిల్ల

మిర్యాలగూడ బైపాస్ మీద మిల్లుల
సార్టెక్స్ మిషన్ నాది.
నాదంటే నాది కాదు, సేటుది.
పన్నెండు గంటల షిఫ్టు నాది.
పైకెల్లి బియ్యం రాలుతుంటే
కెమెరా కన్ను ఒక్కో గింజనూ చూస్తది.
నల్లమచ్చ, పచ్చిగింజ, పసుపు తిరిగింది
టిక్కుమని గాలి.
పక్కకు.
రంగు ఎంత తేడా ఉంటే ఊదెయ్యాల్నో
ఆ నంబరు పెట్టేది నేనే.
పదిహేనేండ్లల్ల నా కండ్లు గూడ అట్లనే అయినయి.

ఇంటికొస్తే డాబా మీద తొమ్మిది పంజరాలు.
జీబ్రా ఫించీలు, పిచ్చుకల సగముంటయి.
ఎర్రముక్కు, కంటి కింద నల్లటి కన్నీటిచార,
మగదానికి చెంపల మీద ఇటుకపొడి.
బొమ్మకారు హారన్ తీరు మీప్ మీప్ అంటయి.
మిల్లు మోత చెవులకెల్లి పోవాలంటే
అర్ధగంట పడుతది ఆ కూతల నడుమ.

ఈడ మాత్రం తేడా వచ్చిన రంగుకే ధర.
రెండు తెల్లవి పక్కపక్కన కూసుంటే
ఒకటి వట్టి తెల్లది, ఒకటి చెస్ట్‌నట్ తెల్లది.
కంటి కింద చార సన్నగనన్న ఉన్నదా లేదా
పొద్దుటి ఎండల పట్టుకొని చూడాలె,
ట్యూబులైటుకు చూస్తే మోసపోతవ్.
వట్టి తెల్లదానికి చిన్నప్పుడు వీపు మీద బూడిద మరకలుంటయి,
మొదటి ఈకలు రాల్చినంక పోతయి.
టోపీ ఉన్నదానికి టోపీదాన్నే జత కట్టొద్దు,
కొన్ని గుడ్లల్లనే చస్తయి.
ఇదంత మక్బూల్ భాయ్ నేర్పిండు,
సాగర్ రోడ్డుల పంక్చర్ దుకాణం ఆయనది.

మొన్న మృగశిర దాటినంక
మూడో పంజరంల జంట నాలుగు గుడ్లు పెట్టింది.
తల్లి బూడిద. తండ్రి బూడిద.
పదమూడో దినం పగిలినయి.
మూడు పిల్లలకు తోలు కింద కండ్లు నేరేడుపండ్లు.
నాలుగోదానికి దానిమ్మ గింజలు.
ఇరవై దినాలకు అది గూట్లకెల్లి బయటికొచ్చి కూసుంది,
గట్టిగ కాసిన చాయ్‌ల పాలు పోసిన రంగు.
ఫాన్ అంటరు దీన్ని. తిరిగే ఫాన్ కాదు.

మిల్లు హమాలీ సైదులు చూడనీకె వచ్చి
పకపక నవ్విండు.
"అన్నా, పక్క పంజరంల మగోడెవడో..."

నేను నవ్వలే.
పదమూడేండ్ల కింద నల్లగొండ పెద్దాస్పత్రిల
మా పిల్ల కండ్లు తెరిస్తే
తేనెరంగుల ఉండె.
మా ఇంట్ల గానీ అత్తగారింట్ల గానీ
అసొంటి కండ్లు ఎవ్వరికీ లెవ్వు.
ఎవ్వరో ఇదే నవ్వు నవ్విండ్రు.
నేనేమనలే.
ఏమీ అనకుండనే ఆర్నెల్లు
దినానికో నంబరు పెట్టి చూసిన పిల్లను.

మక్బూల్ భాయ్ అరచేతిల పట్టుకొని
రెక్క విప్పి చూసిండు. ముక్కింక నల్లగనే ఉంది.
"ఆడది. రాసిస్త.
బూడిద జంటకు ఈ రంగు పుడితే ఆడదే అయితది,
అదీ తండ్రి దిక్కుకెల్లే వస్తది.
స్ప్లిట్ అంటరు వాన్ని.
మీద బూడిద ఈకలు కప్పుకొని
రంగును లోపల మోసుకుంట తిరుగుతడు.
వానికి గూడ తెల్వదు."

ఆ రాత్రి డైరీల రాసిన:
మూడో పంజరం, మగది, స్ప్లిట్.
ఇంకేం రాయాల్నో తోచలే.
పెన్ను మూత పెట్టకుండ కూసున్న.

మణెమ్మ కొర్రలు చెరుగుతుంది.
పొట్టు గాలికి పిట్టగోడ దాటి పోతుంది.
చెప్పిన ఆమెకు, భాయ్ చెప్పిందంత,
తండ్రి దిక్కు, లోపల, మోసుకుంట...
చేట ఆపకుండనే అన్నది:
"పిట్ట చెప్తే గానీ తెల్వలేదా?"

కొర్రలు డబ్బల పోసి మూత పెట్టింది.
మూత సరిగ్గ పడలే.
మళ్ల తీసి పెట్టింది.